గృహిణీ గోష్ఠి: తెల్లవారుసరికి మారిన దారిపటము



మన వంటయింటిలో పోపులపెట్టె యున్నది. అందు ఆవాల గిన్నె యెక్కడనో, మెంతుల గిన్నె యెక్కడనో మన చేతికి తెలియును. కంటితో పని లేదు. దీపమారిపోయినను చేయి పోయి ఆవాలమీదనే వ్రాలును. ఎవరో యొక రాత్రివేళ మన యిల్లు జొచ్చి, ఆ గిన్నెలన్నియు తారుమారు చేసి, ‘ఇది మునుపటికంటె అందముగా నున్నది, చూచుకొనుడు’ అని చీటి వ్రాసి పెట్టి పోయినచో మనమేమందుము? ఆవాలు పోలేదు, మెంతులు పోలేదు. పోయినది మన చేతి నేర్పు. ఈ మాసము మేము ప్రస్తావింపదలచిన విషయమట్టిదే. ఫోనులలో మనము దారి చూచుకొను మ్యాపులు మాటిమాటికి రూపు మార్చుకొనుటయు, దానివలన వాడువారికి గలుగుచున్న ఇబ్బందియు నేటి గోష్ఠికి విషయములు.

‘ఇది కార్లు నడుపు పురుషుల విషయము, స్త్రీల పత్రికలో నేల?’ యని కొందరనవచ్చును. మేమట్లు తలంపము. ఒంటరిగా ప్రయాణము చేయు స్త్రీకి నేడీ పటము తోడుగా నున్నది. కొత్త యూరిలో ఆటో యెక్కినప్పుడు బండి తిన్నని దారిని పోవుచున్నదో, చుట్టుదారి పట్టినదో తెరమీది నీలపు చుక్కను చూచి తెలిసికొనుచున్నాము. రాత్రి బస్సులో వచ్చుచున్న కూతురెంతవరకు వచ్చినదో ఇంటనున్న తల్లి చూచుచున్నది. అర్ధరాత్రి బిడ్డకు జ్వరము హెచ్చినప్పుడు దగ్గర నే ఆసుపత్రి గలదో వెదకుచున్నాము. ఇట్టి సాధనము రూపు మారుట కేవలము వేడుక విషయము గాదు.

మావారి పాఠశాలలో గోడకు వ్రేలాడు భారతదేశ పటమొకటి గలదు. దాని యంచులు చినిగినవి. అయినను అందు గోదావరి నిన్ననున్న చోటనే నేడును ఉన్నది. నిన్నటి నీలముతోనే యున్నది. అచ్చుపటము చేతికి వచ్చిన పిమ్మట కొన్నవారి సొత్తు. 1767లో స్థాపింపబడిన సర్వే ఆఫ్ ఇండియా శాఖవారైనను తాము అమ్మిన పటమునకు మన యింటికి వచ్చి రంగు మార్చి పోలేరు గదా!

ఫోనులోని పటము తీరు వేరు. మనము తెరచినప్పుడెల్ల అది దూరముననున్న సంస్థవారి కంప్యూటర్లనుండి ముక్కలు ముక్కలుగా వచ్చి తెరమీద పరచుకొనును. ఏ దారికే రంగు, ఏ యూరిపేరు పెద్ద యక్షరములలో నుండవలెను, ఏ మీట యెక్కడ నుండవలెను అనునదంతయు వారి నిర్ణయమే. కనుకనే మనమేమియు చేయకున్నను తెల్లవారుసరికి దాని వేషము మారియుండును. కొత్త రూపమును మొదట కొందరికి మాత్రమే చూపి, వారెట్లు వాడుదురో కనిపెట్టి, పిదప తక్కినవారికిచ్చుటయు ఈ సంస్థల యలవాటు. అందువలన ఒకే యింట భార్య ఫోనులో నొకతీరు, భర్త ఫోనులో మరియొకతీరు కనబడుట గలదు. ‘నాకట్లు లేదే’ యని ఆయన, ‘నాకిట్లే యున్నది’ యని ఈమె. ఇరువురు చెప్పునదియు నిజమే!

ఈ మార్పుల కథ కొంత తెలిసికొనుట మేలు. గూగుల్ మ్యాప్స్ 2005వ సంవత్సరము ఫిబ్రవరిలో వెలువడినది. దానికి మూలమైన పనిని ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున లార్స్ రాస్ముసెన్, యెన్స్ రాస్ముసెన్ అను అన్నదమ్ములును వారి మిత్రులిరువురును చేసిరి. పటమును వ్రేలితో పట్టి లాగినట్లు ఇటునటు జరుపుకొనుట నాడు గొప్ప వింత. జనులు దానికి త్వరగానే అలవాటుపడిరి. అలవాటైన పిమ్మటనే చిక్కులును ఆరంభమైనవి.

2013లో ఆ సంస్థ కంప్యూటర్లలోని పటమును పూర్తిగా కొత్త రూపమున నిచ్చినది. చూచుటకు సొగసుగానే యుండెను గాని, ఒకే ప్రయాణములో మూడు నాలుగు చోట్ల దిగవలసినచో ఆ దారులన్నియు ఒక్కసారిగా చూపు సదుపాయము మొదట అందులో లేకపోయెను. కాళిదాసు మేఘసందేశమునందు యక్షుడు మేఘునకు అలకాపురికి దారి చెప్పుచు, త్రోవ కొంత వంకరయైనను ఉజ్జయినిని చూచి పొమ్మనెను. ఆ కొత్త పటము నాటి మేఘునకు దొరకియుండినచో ఉజ్జయిని చూచు యోగము లేకపోయెడిది! జనులు మొరపెట్టుకొనిరి, కొన్ని నెలలకు ఆ సదుపాయము మరల వచ్చినది. కావలెనన్నవారు కొంతకాలము పాత రూపమునకు పోవుటకు వీలుండెను. 2015లో ఆ తలుపును మూయబడినది.

అంతకు ముందు 2012 సెప్టెంబరులో ఆపిల్ సంస్థవారు తమ ఐఫోనులలో అదివరకున్న గూగుల్ పటమును తీసివేసి, తమ సొంత పటమును పెట్టిరి. ఊళ్లు చోట్లు తప్పినవి; వంతెనలు వంకరలు పోయినవి; రైళ్లు, బస్సుల దారులు చెప్పు సౌకర్యము పోయినది. కొనినవారి కోపమెంతటిదనగా ఆ నెల 28వ తేదీన సంస్థాధిపతి టిమ్ కుక్ బహిరంగముగా క్షమాపణ చెప్పి, తమ పటము బాగుపడువరకు ఇతరుల పటములను వాడుకొనుడని తానే సలహా యిచ్చెను. ఆ డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రపు పోలీసులు ప్రజలకొక హెచ్చరిక చేసిరి. మిల్డ్యూరా అను పట్టణమును ఆ పటము దాని నిజమైన చోటికి సుమారు 70 కిలోమీటర్ల దూరమున, నీరు దొరకని అభయారణ్యము నడుమ చూపెను. దానిని నమ్మి పోయిన ప్రయాణికులు దారి తెలియక చిక్కుకొనిరి. ఒకరిద్దరు అన్నపానములు లేక ఒక దినమంతయు నుండవలసి వచ్చెను. అచ్చట ఎండ 46 డిగ్రీలవరకు కాయును. పాతదానిని తీసివేయుటలో తొందర యెంత ప్రమాదమో దీనివలన తెలియుచున్నది. అటుపిమ్మట ఆ సంస్థవారు తమ పటమును ఎంతయో శ్రమపడి బాగుచేసికొనిరి.

2016లో గూగుల్ పటమునందు దుకాణములు, భోజనశాలలు దట్టముగా నుండు తావులకు నారింజ ఛాయ వేయబడినది. ఆ యేడే జస్టిన్ ఓబైర్న్ అను పటముల పరిశీలకుడు పాత, కొత్త పటములను ప్రక్కప్రక్కన బెట్టి చూపి, కొన్ని యేండ్లలో రహదారుల గీతలు హెచ్చినవి, ఊళ్ల పేళ్లు తగ్గినవి యని వ్రాసెను. ఇది మనము తలంపవలసిన మాట. కాగితము మీద చిన్న యూరిపేరు అచ్చుపడినచో అది అచ్చటనే యుండును. ఈ తెరమీద నే పేరు కనబడవలెనో, ఏది మరుగుపడవలెనో ఎవరో నిర్ణయించుచున్నారు. బేరము గలచోటు వెలుగుచున్నది. బేరము లేని పల్లె, పటమును ఎంతయో పెద్దది చేసి చూచినగాని కనబడదు.

2023 శరదృతువున రంగులే మారినవి. దారులు వెనుకటి పసుపు, తెలుపు విడిచి బూడిదవన్నె దాల్చెను. నీటి నీలము ఆకుపచ్చకు దగ్గరయ్యెను. నదియేదో తోటయేదో చటుక్కున తెలియుటలేదని పలువురు విసిగిరి. సుమారు పదునైదేండ్ల క్రిందట ఆ పటమునకే రూపకల్పన చేసినవారిలో నొకరైన ఎలిజబెత్ లరాకీ అను ఆమె, ఈ రంగులు చల్లబడినవనియు, పటముమీద మీటలును చీటులును క్రిక్కిరిసి అసలు పటమును కప్పివేయుచున్నవనియు బహిరంగముగా విమర్శించెను. తాను ముగ్గు వేసిన వాకిటిలో నెవరో సామానులు తెచ్చి పేర్చినట్లు ఆమెకు తోచియుండును.

ఇంతవరకు చెప్పినవి దూరదేశపు సంగతులు. ఇంటి దగ్గరి సంగతి యొకటి చెప్పెదము. మా వీధిలో అరువదియేండ్లు దాటిన పిన్నిగారొకరు గలరు. భర్త పోయిన పిమ్మట రాజమహేంద్రవరముననున్న కూతురి యింటికి ఒంటరిగానే రైలులో పోయి వచ్చుచుండిరి. స్టేషనునుండి కూతురి యింటికి దారి ఫోనులో పెట్టుకొనుట, తానెక్కడ నున్నదియు కూతురికి తెలియునట్లు పంపుట మనుమరాలివద్ద నేర్చిరి. ఆ నేర్పు పదిదినములు పట్టినది. ‘క్రిందినుండి రెండవది నొక్కవలెను, పిమ్మట కుడివైపుది’ అని ఒక చిన్న పుస్తకములో వ్రాసికొనిరి గూడను. ఒకనాటి సాయంకాలము స్టేషనులో దిగి చూడగా క్రిందినుండి రెండవది మరియేదియో అయినది. కుడివైపున నేమియు లేదు. అల్లుడు కచేరినుండి వచ్చువరకు రెండు గంటలు ఆడువారి విశ్రాంతిగదిలో కూర్చుండిరి. అది యే సంస్థవారి పటమో మనకిక్కడ ముఖ్యము గాదు.

తిరిగివచ్చి మాతో నన్న మాట యిది: “ఏమోనమ్మా, వయసు మీద పడి నా బుద్ధే మందగించిందేమో. ఇన్నాళ్లూ వచ్చింది, ఇప్పుడు చేతకావడం లేదు. ఇకమీదట ఎవరైనా తోడుంటేనే వెళ్తాను.”

“మీ బుద్ధికేమీ కాలేదు పిన్నిగారూ. వాళ్లు మీట చోటు మార్చారు, మీకు చెప్పలేదు. అంతే” అని మేమంటిమి. ఆమె నమ్మినట్లు తోచలేదు. కొడుకు అంతకుమునుపే “ఇంతమాత్రం తెలియదా అమ్మా” అనియుండెను.

సోదరీమణులారా, ఈ విషయమున మేము చెప్పదలచినదంతయు ఆ పిన్నిగారి మాటలోనే యున్నది. కుర్రవానికి మీట మారినచో రెండు నిమిషముల విసుగు. కష్టపడి నేర్చిన పెద్దదానికి అది ధైర్యభంగము. ఆమె తప్పు పటముమీద వేయదు; తనమీదనే వేసికొనును. అరువదియేండ్ల వయసున సంపాదించుకొన్న స్వతంత్రమును అడుగకయే తిరిగి యిచ్చివేయును. ఈ నష్టము ఏ సంస్థవారి లెక్కలలోనికిని రాదు. ఏలయన, ఆమె ఫిర్యాదు చేయలేదు. ఊరక ప్రయాణము మానుకొన్నది.

శ్రీమద్రామాయణమున కిష్కింధాకాండలో సుగ్రీవుడు వానరులను నాలుగు దిక్కులకును పంపుచు దారి చెప్పిన ఘట్టము మీరెఱుగుదురు. ఏ నది దాటవలెను, ఏ కొండ కనబడును, ఏ దేశము వచ్చునని గుర్తులతో చెప్పెను. దక్షిణదిశకు పోవువారికి మన గోదావరిని, కృష్ణవేణిని, ఆంధ్రదేశమును పేర్కొనెను. ఇంత భూమి నీకెట్లు తెలిసెనని శ్రీరాముడడుగగా, వాలి తరుముచుండగా పరుగిడిన కాలమున అంతయు చూచితినని బదులు చెప్పెను. దారిలో కష్టపడినవాడు గనుక దారి చెప్పుట యెట్లో అతనికి తెలిసినది. పటమునకు రూపము దిద్దువారును ఒకసారి సాయంసంధ్యవేళ, చేత సంచితో, చత్వారపు కన్నులతో, తెలియని స్టేషనులో దిగి తమ పటమును తాము చూచుకొన్నచో ఎంత బాగుండును!

మార్పులన్నియు చెడ్డవని మేమనుట లేదు. మన దేశమున జనులు వీధిపేరు చెప్పరు; రావిచెట్టు, రామాలయము, పెట్రోలుబంకు చెప్పుదురు. ఇది గ్రహించి 2009లో గూగుల్ వారు ఇచ్చటి పటమునందు దారిగుర్తులతో త్రోవ చెప్పుట మొదలిడిరి. 2024 జులైలో హైదరాబాదు మొదలుగా ఎనిమిది నగరములలో, కార్లు ఇరుకు సందులలో చిక్కుకొనకుండ దారి చూపు ఏర్పాటు చేసిరి. పైవంతెన ఎక్కవలెనో వలదో ముందుగా చెప్పు సదుపాయము గూడ అప్పుడే వచ్చినది. ఇవి వాడువారి కష్టము విని చేసిన మార్పులు. ఇట్టివాని నెవరు కాదందురు?

చెప్పినచో విందురనుటకు మరియొక నిదర్శనము గలదు. అది స్త్రీలు చేసిన పని గనుక విశేషముగా చెప్పవలెను. 2017 అక్టోబరులో ఐఫోనులలోని గూగుల్ పటము, నడచిపోవు దారి చూపునప్పుడు, ఆ నడకవలన ఎన్ని కేలరీలు ఖర్చగునో, అది ఎన్ని చిన్న కప్‌కేకులకు సమానమో చెప్పసాగెను. దారి యడిగిన ఆడుదానికి తిండి లెక్క చెప్పుమని ఎవరడిగిరి? ఆహారము విషయమున మనోవ్యాధితో బాధపడువారికి ఇది హానికరమనియు, దీనిని ఆపుకొనుటకు మీటయైన లేదనియు పలువురు స్త్రీలు వెంటనే గట్టిగా చెప్పిరి. సంస్థవారు త్వరలోనే ఆ యేర్పాటును ఉపసంహరించుకొనిరి. ఊరకున్నచో అది నేటికిని మన వెంట వచ్చుచుండెడిది.

మంచి యుద్దేశముతో చేసిన మార్పులోను జాగ్రత్త కావలెననుటకు ఒక మాట. మనమెచ్చటెచ్చటికి పోయితిమో దినదినము గుర్తుంచుకొను ‘టైమ్‌లైన్’ అను చిట్టా గూగుల్ పటమున గలదు. ఇది సంస్థవారి కంప్యూటర్లలో గాక మన ఫోనులోనే యుండునట్లు మార్చెదమని 2023 డిసెంబరులో ప్రకటించిరి. మన రహస్యము మనయొద్దనే యుండుట మంచిదే. కాని 2025 మార్చిలో ఒక సాంకేతిక దోషమువలన కొందరి చిట్టాలు తుడిచిపెట్టుకొనిపోయినవి. వేరుగా నకలు దాచుకొన్నవారు తిరిగి పొందగలిగిరి; తక్కినవారి కాశీయాత్రలు, పుట్టింటి ప్రయాణములు పోయినవి. పరుల పెట్టెలో దాచిన వస్తువునకు తాళపుచెవి మనయొద్ద నుండదని గ్రహింపవలెను.

ఇక మనము చేయదగిన పనులు.

మొదటిది: క్రొత్త యూరికి పోవునప్పుడు ఆ ప్రాంతపు పటమును ఇంటనుండగానే ఫోనులో దించుకొనుడు. సిగ్నలు లేనిచోట గూడ అది పనికివచ్చును. దానికి గడువు గలదు. అప్పుడప్పుడు తాజా చేసికొనవలెను.

రెండవది: ఇంటి చిరునామా, ఒక ఫోను నంబరు, రెండు మూడు దారిగుర్తులు కాగితముమీద వ్రాసి సంచిలో నుంచుకొనుడు. కాగితము రాత్రికి రాత్రి మారదు.

మూడవది: ప్రయాణపు ముందునాడు ఒకసారి పటమును తెరచి చూడుడు. మారినదేదైన నున్నచో ఇంటనే తెలియును. స్టేషనులో తెలియుటకంటె అది మేలు.

నాల్గవది: మీటను చోటునుబట్టి గాక దానిమీది గుర్తునుబట్టి, పేరునుబట్టి జ్ఞాపకముంచుకొనుడు. చోటు మారును, గుర్తు అంత త్వరగా మారదు.

ఐదవది: నచ్చనిదానిని వారికి వ్రాయుడు. పటములోనే అభిప్రాయము పంపు చోటు గలదు. మన బొమ్మయున్న గుండ్రని గుర్తు నొక్కినచో వచ్చు జాబితా చివర నది కనబడును, ఈ సంచిక మీ చేతికి వచ్చుసరికి దానినిగూడ మార్చకుండినయెడల! తెలుగులోనే వ్రాయుడు. ‘ఇది నచ్చలేదు’ అని విడువక, ఏ పని చేయబోగా ఏది కనబడలేదో స్పష్టముగా తెలుపుడు.

మనము వారిని కోరవలసినవియు గొంతెమ్మకోరికలు గావు. మార్చుటకు ముందు తెలియజేయవలెను. కొంతకాలము పాత రూపమునకు మరలుటకు వీలుంచవలెను. దారి యడుగుట, తానున్నచోటు తనవారికి తెలుపుట అను రెండింటి మీటలను మాత్రము కదపకుండవలెను. ఇల్లు ఎన్నిమార్లు సున్నము కొట్టించుకొన్నను వీధితలుపు చోటు మార్చము గదా!

కడపట ఇంటిలోని పడుచువారికొక మనవి. పెద్దవారు ఫోను పట్టుకొని తికమకపడునప్పుడు, దానిని చేతిలోనుండి లాగికొని మీరే నొక్కి యిచ్చివేయకుడు. వారి వ్రేలితోనే నొక్కించుడు. రెండుసార్లు, మూడుసార్లు చేయించుడు. ‘ఇంతమాత్రము తెలియదా’ అను మాట నోటరానీయకుడు. ‘వాళ్లు మార్చారు, నీ తప్పు కాదు’ అని మొదట చెప్పుడు. మార్చినవారు ఆ మాట చెప్పరు గనుక మనమే చెప్పవలెను. ఆ యొక్క మాటతో మరల నొంటరిగా రైలెక్కువారు మన యిండ్లలో నెందరో గలరు.